ఒంటె తోలు బిళ్ల

నేను నోరు మూసుకున్న రోజు వాన పడుతుందని మా నాయన అనేవాడు. కడప జిల్లాకు అన్నేళ్లు కరువు ఎందుకు పట్టిందో ఇక మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఊరూరా బోర్లు తవ్వించే బదులు నా నోటికొక మూత చేయించి ఉంటే గవర్నమెంటుకు సులువుగా పోయేది. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారి మీద ఒక మాట విసిరి, ఆయన బెత్తం విసిరేలోపల బడి గోడ దూకినవాణ్ణి, మళ్లీ ఆ గోడ లోపలికి పోలేదు. కాబట్టి ఈ రాతలో తప్పులుంటే నాకు ఏడో తరగతి దాకా చెప్పినవాళ్లను ఏమీ అనకండి. అవన్నీ ఎనిమిదో తరగతిలో నేర్పాల్సినవి.

పోయిన నెల ఇంటికి రంగులేయిస్తూ అటక మీది రేకుపెట్టె దించితే, అడుగున పాత పాస్‌పోర్టు కింద ఒక తోలు బిళ్ల దొరికింది. టిఫిను పళ్లెమంత వెడల్పు, వేలెడు మందం, నడుమ పెద్ద బొక్క, చుట్టూ ఆరు చిన్న బొక్కలు. ఎండిపోయి అప్పడంలాగా వంకర తిరిగింది. మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఇదేంది, ఎద్దు మెళ్లో కట్టేదా?" అంది. "ఒంటెది" అన్నాను. "ఒంటె మెళ్లో కట్టేదా?" "కట్టేది కాదే, ఒంటే. దాని తోలు." ఆమె దాన్ని నా ఒళ్లో పడేసి చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను ఆ బొక్కల మీద వేలు పెట్టి తడుముకుంటూ కూర్చున్నాను. ఐదు సరిగ్గా ఉన్నాయి. ఆరోది బియ్యపు గింజంత పక్కకు జరిగింది. ఆ గింజంత తేడాను నేను ఆ రోజే చూశాను. చూసి నవ్వాను కూడా. ఇప్పుడు రంగుల డబ్బాల మధ్య, పాత బట్టలు పరిచిన నేల మీద, అది గుర్తొచ్చి కాసేపు లేవబుద్ధి కాలేదు.

ఒమన్‌లో అల్ మవాలేలో రోడ్డు పక్కన మూడు షట్టర్ల గ్యారేజీ మాది. వెనక రేకుల రూమ్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. మహబూబ్ ఉస్తాద్, కరెంటు పని చేసే మలయాళీ వర్గీస్, నేను. ఎనభైల చివర్లో నేనక్కడ దిగేసరికే ఉస్తాద్ పాతకాపు. కడప టౌను మనిషి. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు మాట్లాడతాడు. ఇంజన్‌తో మాత్రం చేత్తోనే మాట్లాడేవాడు. బండి స్టార్టు చేయించి, గేరు రాడ్డు మీద నాలుగు వేళ్లు ఆనించి, నాడి చూసే వైద్యుడిలాగా కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి "రెండో గేరు పక్కన బేరింగు. పోయినాది" అనేవాడు. విప్పి చూస్తే పోయి ఉండేది. పని నేర్చుకోవడానికొచ్చిన నాకు ఆయన పాఠం ఒకటే. "చెవి అబద్ధం చెప్తాదిరా సుబ్బా. కన్ను ఇంకా పెద్ద అబద్ధాలకోరు. వేలు చెప్పదు." నోటి సంగతి ఏంది ఉస్తాద్ అని అడిగితే, "నీ నోరు తప్పించి మిగతా నోళ్ల గురించి అడుగు, చెప్తా" అనేవాడు.

పొద్దున్నే నమాజు చేసుకుని మాకూ కలిపి టీ పెట్టి, మా మంచం కోళ్లను చెప్పుతో తట్టేవాడు. మనిషిని తాకి లేపడు. తాకితే కల చెదిరిపోతుందంట. అప్పటికి పక్క దుకాణంలో వాళ్లు సాంబ్రాణి లాంటి లుబాన్ రాజేసేవాళ్లు. ఆ పొగ, మా యాలకుల టీ, గోడకు తగిలించిన డ్యూటీ బట్టల్లోంచి పాత ఆయిలు కంపు, ఈ మూడూ కలిసిన వాసనను నేను ఇప్పుడు ఏ సీసాలోనైనా పట్టుకొస్తారంటే కొనుక్కుంటాను. వంట వంతుల వారీగా. వర్గీస్ వంతు రోజు గుడ్లు కూడా కొబ్బరినూనె వాసనేసేవి. నా వంతు రోజు గొడ్డుకారం, పప్పు. వర్గీస్ నీళ్ల సీసా దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. శుక్రవారం ఉస్తాద్ వంతు. పలావు, పుల్లగా దాల్చా. తినేముందు చేతులకు కిరసనాయిలు, తర్వాత బట్టల సబ్బు పొడి, తర్వాత నిమ్మ తొక్క, ఇంత తంతు ఉండేది ఆయనకు. గోళ్ల కింద నలుపు కనిపిస్తే ముద్ద దిగేది కాదు. అట్లాంటి మనిషి చేయి అది.

నాకేమో అక్కడ పని దొరికింది గానీ వినేవాళ్లు దొరకలేదు. తెలుగు జోకును హిందీలోకి తెచ్చేసరికి సగం చచ్చేది. వర్గీస్‌కు అర్థమయ్యేసరికి ఇంకో రోజు గడిచేది. ఒకసారి నేను సోమవారం చెప్పినదానికి ఆయన బుధవారం అన్నం తింటూ నవ్వాడు, పొలమారి చచ్చినంత పనయింది. ఉస్తాద్‌కు అన్నీ అర్థమయ్యేవి, కానీ ఆయన నవ్వడు. "అయిపోయిందా? సరే, పదమూడు నంబరు పానా ఇయ్యి" అనేవాడు. మా అర్బాబ్ ఖల్ఫాన్, అంటే గ్యారేజీ ఓనరు, నేను అరబ్బీలో ఏదైనా చమత్కారం పలికితే జాలిగా చూసి, "ఈ సుబ్బాకు జ్వరమా?" అని ఉస్తాద్‌ను అడిగేవాడు. అందుకని రోజుకు నాలుగు మాటలు లెక్కన అరబ్బీ నేర్చుకున్నాను. అందరూ అక్కడ అరబ్బీని జీతం కోసం, కాగితాల కోసం నేర్చుకుంటే, నేను ఒక్క జోకు కోసం నేర్చుకున్నాను.

ఖల్ఫాన్‌ది ఇబ్రా అనే ఊరు. ఆయన తాత జాంజిబార్‌లో లవంగాల వ్యాపారం చేసినవాడు. అక్కణ్ణుంచి ఈ దేశానికి తిరిగొచ్చేటప్పుడు ఓడలో సామాన్లతో పాటు ఒక కారు తెచ్చుకున్నారు. మోటారు కార్లు పుట్టిన కొత్తలోదని చెప్పాలి. గుర్రబ్బండికి ఇంజను పెట్టినట్టుండేది. చెక్క చువ్వల చక్రాలు, గుడ్డ టాపు, స్టీరింగు మన దేశంలోలాగా కుడి వైపు. అది ఏళ్ల తరబడి ఖర్జూరం తోటలో షెడ్డు కింద పడుంది. ఒక రోజు అర్బాబ్ దాన్ని లారీ మీద వేయించి మా షట్టర్ ముందు దింపాడు. కొడుకు పెళ్లికి ఇబ్రాలో పెళ్లికొడుకును ఇందులో కూర్చోబెట్టి తీసుకుపోవాలంట. ఇంజను లేపడానికి మాకు నెల పట్టింది. లేచింది. కానీ ముప్పై మైళ్ల స్పీడు దాటితే చాలు, బండంతా జ్వరమొచ్చినట్టు వణికేది. అద్దాలు గలగల, సీటు గడగడ, నా పళ్లు టకటక. "పెళ్లికొడుకు దిగేసరికి తాతయిపోతాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు, మామూలే.

అర్బాబ్ ఇంట్లోంచి ఒక ఫింజాన్ తెప్పించాడు. కహ్వా, అంటే వాళ్ల చేదు కాఫీ, తాగే చిన్న పింగాణీ కప్పు అది, పిడి ఉండదు. దాన్ని బండి లోపల కాళ్ల దగ్గర చెక్క మీద పెట్టి అంచు దాకా నీళ్లు పోశాడు. మనుషులకైతే వాళ్లు అట్లా పొయ్యరు. ఫింజాన్‌లో మూడో వంతే పోస్తారు. నిండా పోస్తే తాగి లేచిపొమ్మని అర్థం. "నలభై మైళ్ల మీద ఇది ఒలకకూడదు మహబూబ్" అన్నాడు. తర్వాత మా గ్యారేజీ హిందీలోకి దిగి, మెల్లగా, ఇంకో మాటన్నాడు. ఈ మధ్య రెండు మూడు బండ్లు తిరిగొచ్చాయి, ఒకదానికి నట్టు వదులు, ఒకదానికి గాస్కెట్ కారింది. "నీ చేయి ముసలిదయిందేమో అని నా మనసులో ఉంది. ఈ బండి నిలబెట్టు, నీ వీసా రెండేళ్లు కొట్టిస్తా. లేకపోతే ఇంటికి పోయి హాయిగా ఉండు."

హాయిగా ఉండటానికి ఉస్తాద్‌కు ఆ రెండేళ్లే కావాలి. ఆయన కూతురు షమీమ్ కడపలో నర్సు చదువులో అప్పుడే చేరింది. ఆయన వంశంలో ఆడపిల్ల మాట అటుంచి, మగవాడు కూడా పదో తరగతి దాటలేదు. ఆ పిల్ల తెల్ల కోటులో తీయించుకున్న ఫోటోను ఆయన పనిముట్ల పెట్టె మూతకు లోపల అతికించుకున్నాడు. పెట్టె తెరిస్తే ముందు ఆమె, తర్వాత పానాలు. చేతికి గ్రీజుంటే మమ్మల్ని తెరవమనేవాడు. "ఇంగ రెండేండ్లురా సుబ్బా. ఆ పిల్ల సూది పట్టుకుంటే నేను పానా ఇడుస్తా." నాకు ఆ మాట తెలుసు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తెలియక చేశాననుకుంటారేమోనని.

వణుకు ఎక్కణ్ణుంచి వస్తుందో వెతకడం మొదలుపెట్టాం. ఆ కాలపు కార్లలో ఇంజన్‌ను నేరుగా ఇనప చట్రానికి బిగించేసేవాళ్లు, ఇంజను దగ్గితే బండంతా దగ్గుతుంది. లారీ టైరు కోసి ఇంజను కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేశాం. అద్దాలు ఆగాయి గానీ కాళ్ల కింది చెక్క ఆగలేదు. తర్వాత షాఫ్టు మీద పడ్డాం. గేరు బాక్సు నుంచి వెనక చక్రాలకు తిరుగుడును మోసుకుపోయే పొడుగాటి ఇనప కడ్డీ అది. వెనక భాగాన్ని స్టాండ్ల మీద లేపి, బండిని టాప్ గేరులో పరిగెత్తించి, నేను కింద పడుకుని తిరిగే షాఫ్టుకు సుద్దముక్క దగ్గరగా పట్టేవాణ్ణి. వంకర ఉన్న వైపే సుద్ద అంటుతుంది. దానికి ఎదురు వైపున నీళ్ల పైపులకు బిగించే క్లిప్పులు రెండు వేసి, వాటి తలలను గడియారం ముళ్లలాగా కొంచెం కొంచెం జరుపుతూ, ప్రతిసారీ పరిగెత్తించి చూసేవాళ్లం. పైన ఉస్తాద్ గేరు రాడ్డు మీద వేళ్లు పెట్టి కూర్చునేవాడు. "తగ్గింది. ఇంగా ఉంది." మళ్లీ జరుపు. "ఇంగా ఉంది." ఆగస్టు నెల. కింద సిమెంటు పెనంలా ఉండేది. "ఉస్తాద్, కింద నేనొక పక్క వేగిపోయినా, ఇంగ తిప్పెయ్యి" అని అరిచేవాణ్ణి.

చివరకు దొంగ దొరికాడు. గేరు బాక్సూ షాఫ్టూ కలిసే చోట ఇట్లాంటి బండ్లకు మొదట్లో రబ్బరు పూసిన గుడ్డ బిళ్ల ఉండేదంట. ఇటు నుంచి మూడు బోల్టులు, అటు నుంచి మూడు, నడుమ ఆ బిళ్ల. ఇంజను ఇచ్చే కుదుపును అది మింగేస్తుంది. జాంజిబార్‌లో ఎవరో అది చీకిపోతే దాని బదులు ఇనప బిళ్ల వేశారు. ఇనుము ఏం మింగుతుంది. రాళ్ల క్రషర్‌లో తిరిగే బెల్టు ముక్క అడుక్కొచ్చి బిళ్ల కోశాం. రెండు రోజుల్లో బొక్కల దగ్గర చిరిగింది. టైరు పక్క గోడ కోశాం. అది మెత్తన, బండి కప్పలాగా గెంతింది. అప్పుడు ఉస్తాద్ ఇబ్రా వైపు ఒంటె జీన్లు కుట్టే ముసలాయన ఒకడున్నాడని విని, అర్బాబ్‌తో చెప్పించి ఒంటె తోలు తెప్పించాడు. నాలుగు పొరలు అంటించి కుట్టి, ఆముదంలో నానబెట్టి, బరువు కింద పెట్టాం. గ్యారేజీ అంతా బాలింత ఇంటి వాసనేసింది.

ఆ బిళ్లకు గీత గీసి గుర్తులు పెట్టి బొక్కలు వేసింది ఉస్తాదే. ఐదు సరిగ్గా పడ్డాయి, ఆరోదానికి బోల్టు దూరలేదు. నేను బిళ్లను వెలుతురుకు ఎత్తి ఆ బొక్కలోంచి ఆయన్ను చూస్తూ, "ఏం ఉస్తాద్, ఒంటె కదిలిందా?" అన్నాను. ఆయన బిళ్ల లాక్కుని మూల పడేసి, "కళ్లద్దాలు మార్చల్ల" అన్నాడు. రెండో బిళ్లకు గుర్తులు పెట్టమని పెన్సిలు నా చేతికిచ్చాడు. అప్పటిదాకా ఏ గుర్తూ నన్ను పెట్టనిచ్చినవాడు కాదు. నాకు పెద్దరికం వచ్చిందని సంబరపడ్డాను. ఆ వారంలోనే ఇంటికి ఉత్తరం నన్ను రాయమన్నాడు. ఆయన ఉర్దూలో ముత్యాల్లాగా రాసేవాడు. "నా తెలుగు ఎనిమిదో తరగతి దాకా రాదు" అన్నాను. "పర్వాల్యా, నువ్వు రాయి, నేను చెప్తా" అన్నాడు. శుక్రవారం పలావు చెంచాతో తినడం మొదలుపెట్టాడు. "దొర అయినాడప్పా" అని వర్గీస్‌కు చెప్పాను. ఇవన్నీ ఒక్కొక్కటిగా నా కళ్ల ముందే జరిగాయి. నాకు ప్రతిదాని మీదా ఒక జోకు దొరికింది, అంతే.

రెండో బిళ్ల బిగించిన రోజు మేం బండిని పక్కనున్న సీబ్ ఊరి వైపు తీసుకుపోయాం. ఉస్తాద్ స్టీరింగు దగ్గర, నేను పక్కన, కాళ్ల మధ్య ఫింజాన్, నిండా నీళ్లు. నలభై దాటింది. నీటి మీద సన్న ముడతలు లేచాయే గానీ అంచు దాటలేదు. అద్దం మూగదయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉస్తాద్ మాత్రం గేరు రాడ్డు మీద వేళ్లు పెట్టి తల అడ్డంగా ఊపాడు. "ఇంగా ఉంది."

"యాడుంది ఉస్తాద్? కప్పు చూడు, చెరువులాగా ఉంది."

"కప్పుకేం తెలుసు. నా వేలికి తెలుస్తాండాది."

మళ్లీ విప్పాం. క్లిప్పులు జరిపాం. బోల్టుల కింద తోలు వాషర్లు వేశాం. మళ్లీ "ఇంగా ఉంది." పెళ్లి దగ్గర పడుతోంది. మూడు వారాలు, ఆగిపోయిన వణుకు కోసం బండినంతా వెతికాం. ఒక రోజు నేను కూడా ఆ రాడ్డు మీద చేయి పెట్టి చూశాను. ఏమీ లేదు. నా చేయి మొరటుది, ఆయన వేలికి తెలిసేది నాకేం తెలుస్తుందిలే అనుకున్నాను. గురువు మీద నమ్మకం అట్లాంటిది. కళ్ల ముందు కప్పు కదలకుండా ఉన్నా, నేను నా కళ్లనే అనుమానించాను.

పెళ్లికి వారం ముందు శుక్రవారం, నమాజు తర్వాత అర్బాబ్ వచ్చి బండెక్కాడు. ఫింజాన్ నింపి తనే నడిపాడు. తిరిగొచ్చి దిగి, కప్పు మా ఇద్దరికీ చూపించి, "ఖలాస్ మహబూబ్, జైన్" అన్నాడు. అయిపోయింది, బాగుంది అని. ఉస్తాద్ ఒక్క మాట అని ఊరుకుని ఉంటే సరిపోయేది. "లేదు అర్బాబ్, ఇంకా ఉంది, ఇంకొక వారం" అన్నాడు. అర్బాబ్ నవ్వి భుజం తట్టి, "నీకు పని మీద ఇష్టం ఎక్కువ. రండి, కహ్వా తాగుదాం" అని మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. రెండేళ్ల వీసా ఇక వచ్చినట్టేనని దారిలో నేను ఉస్తాద్ పక్కలో పొడిచాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మజ్లిస్ అంటే వాళ్ల ముందుగది. తివాచీ, గోడ వెంబడి దిండ్లు. అర్బాబ్ తమ్ముళ్లు, పెళ్లికొడుకు, ఇబ్రా నుంచి వచ్చిన పెద్దలు కలిసి పదిమంది దాకా ఉన్నారు. హల్వా, ఖర్జూరాలు తిరిగాక కహ్వా వచ్చింది. ఎడమ చేత్తో కూజా పట్టుకుని ఒకతను వరసగా పోసుకుంటూ వస్తాడు. తాగేసిన కప్పు చాపితే మళ్లీ పోస్తాడు, ఎన్నిసార్లయినా. చాలు అనుకుంటే నోటితో చెప్పరు. కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ కదిలించి ఇచ్చేస్తారు. కదిలిన కప్పులో పొయ్యడం మర్యాద కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇది తెలియక ఎనిమిది కప్పులు తాగి రెండు రోజులు నిద్రపోలేదు. ఉస్తాద్‌కు మాత్రం ఆ చేదు కషాయమంటే ప్రాణం. ఐదు తాగేదాకా కప్పు కదిలించేవాడు కాదు. ఆ రోజు మొదటి కప్పు తాగి, ఇంకోటి కోసం చేయి చాపాడు. కప్పు ఆయన వేళ్లలో అటూ ఇటూ కదిలింది. పోసే అతను తల వంచి మర్యాదగా కప్పు తీసుకుని నా దగ్గరికి వచ్చేశాడు. ఉస్తాద్ చేయి ఇంకా గాలిలోనే ఉంది. నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఎన్నో శుక్రవారాలుగా ఒక్క కప్పుతోనే లేస్తున్నాడు. అడిగితే షుగర్ ఉందంటున్నాడు, కహ్వాలో చక్కెరే ఉండదు.

ఆ చేయిని చూశాను. తలలో అన్నీ ఒక్కసారిగా కలిశాయి. ఆరో బొక్క, చెంచా, ఉత్తరం, గేరు రాడ్డు. కలిసిన మరుక్షణం మంచివాడైతే ఏం చేస్తాడు? ఏదో ఒకటి కింద పడేసి అందరి చూపూ మళ్లిస్తాడు. నాకు మాత్రం ఆ కలిసినదంతా ఒక జోకు ఆకారంలో కనిపించింది. అరబ్బీలో. వ్యాకరణంతో సహా. అంత నున్నగా నా నోట్లో ఆ భాష ఎప్పుడూ తిరగలేదు. "అర్బాబ్" అన్నాను, గదంతా వినేలాగా, "బండిలో వణుకు ఎక్కడికీ పోలేదు. ఉస్తాద్ విప్పి తన చేతిలో పెట్టుకున్నాడు."

గది పగిలిపోయింది. పెద్దలు తొడలు కొట్టుకున్నారు. పెళ్లికొడుకు దిండు మీద పడి నవ్వాడు. అర్బాబ్ కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన నవ్వు అది, నా ఒళ్లంతా వెచ్చబడింది. అర్బాబ్ నవ్వుతూనే ఉస్తాద్ చేయి తన చేతిలోకి తీసుకున్నాడు, దోస్తీగా. తీసుకున్నవాడు వదల్లేదు. నవ్వు ముందు ఆయన కళ్లలో ఆగింది, తర్వాత నోట్లో. ఆ చేయిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, పిట్టను పట్టుకున్నట్టు, చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. పెళ్లికొడుకు దిండు మీంచి లేచి సర్దుకుని కూర్చున్నాడు. "ఎప్పట్నుంచి మహబూబ్?" అని అడిగాడు. ఉస్తాద్ "ఏం లేదు అర్బాబ్, గ్రైండర్ పట్టీ పట్టీ" అన్నాడు. అర్బాబ్ కోప్పడి ఉంటే బతిమాలుకోవడానికి దారుండేది. ఆయన జాలిపడ్డాడు. జాలిపడ్డ మనిషిని బతిమాలలేం. ఈ చేత్తో మనుషులెక్కే బండ్లకు బ్రేకులు బిగించే పని చేయించలేనని, అల్లా ముందు తను జవాబు చెప్పుకోవాలని, మెల్లగా చెప్పాడు. వీసా మాట మళ్లీ ఎత్తలేదు. హల్వా డబ్బాలు రెండు, ఖర్జూరం పెట్టె, టికెట్టు, అన్నీ తనే తెచ్చిచ్చాడు.

ఆయన పోయే రోజు పొద్దున మంచం కోడు మీద చెప్పు దెబ్బ పడింది. లేచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకోకుండా. చేయి నా ముందుకు చాపాడు. గుండీ పెట్టాను. చొక్కా గుడ్డ కింద ఆ వణుకు నా వేళ్లకు తెలిసింది, సన్నగా, ఆగకుండా, ముప్పై మైళ్ల మీద పరిగెత్తే బండిలాగా. వేలు అబద్ధం చెప్పదని ఆయన అన్నది నిజమే. ఆయన వేలు కూడా చెప్పలేదు. వణుకు ఉందంది, ఉంది. పెట్టెలోంచి షమీమ్ ఫోటో తనే ఒలుచుకున్నాడు, మూల చిరిగింది. పనిముట్లు నాకు వదిలేశాడు. అర్బాబ్ ఉస్తాద్ చోటులో నన్ను పెట్టాడు. పెళ్లికి బండిని ఇబ్రాలో ఊరేగింపుకు నేనే తోలాను, కప్పు ఒలకలేదు. మరుసటి ఎండాకాలానికి ఆ తోలు ఎండి బీటలిచ్చింది, బండి మళ్లీ వణకడం మొదలుపెట్టింది. దాని మీద టార్పాలిన్ కప్పి ఖర్జూరం తోటలోకి తోసేశారు. మూల పడేసిన మొదటి బిళ్లను మాత్రం నేను దాచుకున్నాను. ఆ తర్వాత అక్కడ ఉన్నన్నాళ్లూ అరబ్బీలో జోకు వెయ్యలేదు.

ఇప్పుడు నాకూ ప్రొద్దుటూరు రోడ్డులో ఒక చిన్న షెడ్డుంది. షాఫ్టు వణికితే మిషను మీదికి ఎక్కిస్తారు, ఎక్కడ ఎంత బరువు అంటించాలో అద్దం మీద అంకెలు పడతాయి. నా దగ్గర పనిచేసేవాళ్లు ఫోనునే సీటు మీద పెట్టి గీతలు చూపిస్తారు, ఇదిగో అన్నా వైబ్రేషన్ అని. మంచిదే. ఆ గీత ఏ మనిషి చేతిలోంచీ రాదు, కాబట్టి ఏ మనిషి కొంపా ముంచదు. కానీ కళ్లు మూసుకుని రాడ్డు మీద వేళ్లు ఆనించే మనిషిని చూసి ఎన్నాళ్లయిందో. అప్పుడు మేం నెలల తరబడి వెతికి కనుక్కున్నది ఇప్పుడు టీ చల్లారేలోపు తెలిసిపోతుంది. మిగిలిన టైముతో ఏం చేసుకుంటున్నామో ఎవరైనా నాకు చెప్పాలి.

నేను దేశం తిరిగొచ్చిన ఏడాదే కడపలో ఉస్తాద్ ఇంటికి పోయాను. పోవడానికి ధైర్యం కూడదీసుకోవడంలోనే నాలుగు నెలలు గడిచాయి. వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండో చేతికి కూడా పాకింది. ఆయన భార్య నూర్జహాన్ అత్త టీ తెచ్చింది. నాకు గ్లాసు నిండా, ఆయనకు పెద్ద గ్లాసులో అడుగునే. ఎక్కువ పోస్తే నోటి దాకా చేరదని నేను అడక్కుండానే చెప్పింది. గోడ మీద షమీమ్ ఫోటో ఉంది, తెల్ల కోటు, చిరిగిన మూల.

"షమీమ్ యాడుంది అత్తా?" అన్నాను.

"కువైట్‌లో."

"నర్సుగానా?"

ఆమె కొంగుతో గ్లాసు అడుగు తుడుస్తూ, "ఇంట్లో పనికి" అంది. "చదువు నడమనే నిలిచిపాయ కదప్పా." అని లోపలికి పోయింది.

నేను తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి నోరు కదల్లేదు, బయట వాన మాత్రం పడలేదు. చివరికి మంచం పక్కన నేల మీద కూర్చుని అన్నాను, "ఉస్తాద్, ఆ రోజు మజ్లిస్‌లో నేనన్న మాట... నన్ను మాఫ్ చెయ్యి."

ఆయన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, నోటి దాకా తెచ్చుకుని, తాగి, దింపి, మూతి తుడుచుకున్నాడు. అంత పనికీ ఎంత సేపు పడుతుందో అంత సేపూ నన్ను కూర్చోబెట్టాడు.

"అన్నేండ్లు నీ జోకులు ఇన్నానురా సుబ్బా" అన్నాడు. "జనం నవ్వింది అదొక్కటే. దానికి కూడా మాఫీ అడిగితే ఇంగ నీకేం మిగుల్తాది?"